సంచుల దగ్గర ఎవరుంటారు?

కుటుంబంతో ఎక్కడికి వెళ్ళినా ఒక మనిషి సంచుల దగ్గర కూర్చోవాలి. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు కానీ దాదాపు ప్రతి ఇంట్లోనూ అమల్లో ఉన్న చట్టమే. గోల్కొండలో బాలాహిస్సార్ దాకా ఎక్కేవాళ్ళు ఎక్కుతారు. కింద చెట్టు నీడన నీళ్ళ సీసాలు, పులిహోర డబ్బా, నిద్రపోయిన చంటిపిల్ల ఉంటాయి, వాటితో పాటు ఒక ఆడమనిషి ఉంటుంది. మా పుట్టింటి నుంచి భువనగిరి కోట అరగంట ప్రయాణం. ఆ ఏకశిల బండ మీదికి పిల్లల్ని తీసుకుని ఎన్నిసార్లు వెళ్ళామో లెక్క లేదు. నేను పైదాకా ఎక్కింది మాత్రం ఒకే ఒక్కసారి, అదీ పెళ్ళికి ముందు, తెలుగు బీఏ చదివే రోజుల్లో స్నేహితురాళ్ళతో.

నన్నెవరూ ఆపలేదండి. "మీరు వెళ్ళి రండి, నేనిక్కడ ఉంటాను" అనడం నోటికి అలవాటైపోయింది. అలా కూర్చోవడంలో సుఖం కూడా ఉంది, అబద్ధమెందుకు? నలుగురూ వెళ్ళాక దొరికే ఆ గంట మన సొంతం.

పోయిన జూలైలో మాత్రం ఇటలీలో, 2405 మీటర్ల ఎత్తున ఉన్న ఒక కొండ సత్రం ముందు, సంచుల దగ్గర మా వారు కూర్చున్నారు. నేను నెత్తిన హెల్మెట్టు, నడుముకి పట్టీలు కట్టుకుని మా అమ్మాయి వెనక కొండ ఎక్కడానికి బయల్దేరాను. సరదాకి వెళ్ళలేదు. ఇంట్లో ఒక విషయం తేలాల్సి ఉంది. అది తేల్చడానికి వెళ్ళాను.

మా అమ్మాయి మ్యూనిక్‌లో ఎమ్మెస్ చదువుతోంది. ఆ ఊరి నుంచి ఆల్ప్స్ కొండలు రైల్లో గంటన్నర దూరం. మన పిల్లలు సినిమాకి వెళ్ళినట్టు అక్కడి పిల్లలు శనివారం రాగానే కొండకి వెళ్తారట. మొదటి ఏడాది పచ్చిక మైదానాలు, ఆవులు, మెడల్లో గంటలు, ఇలాంటి ఫోటోలు వచ్చాయి. రెండో ఏడాది ఒక ఫోటో వచ్చింది. నిలువు బండ మీద ఇనుప మేకు, ఆ మేకు మీద మా పిల్ల పాదం, కింద ఏమీ లేదు. పైగా నవ్వుతోంది. దాని కింద మా ఆడపడుచు "సూపర్ రా బంగారం" అని పెట్టి, ఆ వెంటనే నాకు ఫోన్ చేసి "వదినా, కాస్త చెప్పరాదా దానికి" అంది.

ఆ తర్వాత నుంచి శనివారాలు మారిపోయాయి. ఎండాకాలంలో అక్కడ సాయంత్రం నాలుగైతే మనకు ఏడున్నర. అప్పటికల్లా దిగిపోతుందని తెలుసు. కొండల్లో సిగ్నల్ ఉండదనీ తెలుసు. తెలిసినా సరే, వాట్సాప్‌లో ఒక్క టిక్కే కనిపిస్తుంటే పొయ్యి మీద పప్పు పొంగుతున్నా కళ్ళు ఫోన్ మీదే. మా వారైతే టీవీలో వార్తలు పెట్టుకుని కూర్చుంటారు, ఏ వార్త వచ్చిందని అడిగితే చెప్పలేరు.

ప్రయాణం టికెట్లు తీసుకున్న రోజే ఆయన అన్నారు: "ఈసారి ఎదురుగా కూర్చోబెట్టి చెప్దాం. చదువుకో, తిరుగు, కానీ ఈ బండలెక్కుడు వద్దని. ఇద్దరం ఒకే మాట మీద ఉండాలి."

బంధువుల మాటలకి, పెళ్ళి సంబంధాలకి జంకే మనిషి కాదాయన. ఆయనకి ఎత్తంటే భయం. మా నాలుగో అంతస్తు బాల్కనీలో పిట్టగోడకి రెండడుగుల ఇవతలే నిలబడతారు. తనకి కాళ్ళు వణికే చోట కూతురు వేలాడుతుంటే ఏ తండ్రికైనా ఎలా ఉంటుంది? ఆయన భయం నాకు అర్థమైంది. అయినా ఒకే మాట మీద ఉంటానని నేను మాటివ్వలేదు.

"చూడనిదాన్ని వద్దని నేను చెప్పను. నన్నొకసారి తీసుకెళ్ళమందాం. చూశాక మీ మాటే సరైందనిపిస్తే, మీకంటే ముందు నేనే చెప్తాను" అన్నాను.

ఆయన నా మొహం వంక చూసి, "నువ్వా?" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటతో నా ప్రయాణం ఖాయమైపోయింది.

ఇప్పుడు ఆ దారి ఏమిటో చెప్పాలి. ఇటాలియన్‌లో దాన్ని వియా ఫెరాటా అంటారు, అంటే ఇనుప దారి. జర్మన్‌లో క్లెట్టర్‌స్టైగ్. మామూలు మనుషులు నడవలేని నిటారు బండల మీద వేలి లావు ఉక్కు తాడుని బండకి దిగగొట్టిన మేకులకు బిగించుకుంటూ పోతారు. అవసరమైన చోట కాలు పెట్టడానికి ఇనుప కడ్డీలు, నిచ్చెనలు ఉంటాయి. ఎక్కే మనిషి నడుముకి, తొడలకి చుట్టి ఒక హార్నెస్ కట్టుకోవాలి. దానికి రెండు చేతుల్లా రెండు పట్టీలు, ఒక్కో పట్టీ చివర ఒక్కో కొక్కెం. ఆ రెండు కొక్కేల్నీ ఉక్కు తాడుకి తగిలించి, తాడు వెంట జరుపుకుంటూ ఎక్కాలి. మేకు అడ్డొచ్చిన చోట ఒక కొక్కెం తీసి మేకుకి అవతల తగిలించాలి, ఆ తర్వాతే రెండోది తీయాలి. రెండూ ఒకేసారి తీయకూడదు. ఎన్ని వందల మేకులున్నా, ఎంత అలిసిపోయినా ఇదే పద్ధతి.

మా అమ్మాయి ఫోన్లో ఇదంతా చెప్తుంటే నాకు మా అమ్మమ్మగారి ఊళ్ళో గౌడ్ తాత గుర్తొచ్చాడు. నడుముకి ముస్తాదు, చెట్టు చుట్టూ మోకు వేసుకుని తాటిచెట్టు ఎక్కేవాడు. ఒక్కో అడుగుకీ మోకుని పైకి ఎగరేసి, అది చెట్టుకి పట్టిందో లేదో చూసుకుని, తర్వాతే కాళ్ళు జరిపేవాడు. "మోకున్నది కదా తాతా, పడ్డా ఏం కాదు కదా?" అని చిన్నప్పుడు అడిగితే, "మోకుండేది పడకుంట చూసుకునేటందుకు బిడ్డా, పడి చూసేటందుకు కాదు" అన్నాడు. ఆ మాట ఇనుప దారికీ అక్షరాలా వర్తిస్తుందట. నిటారు తాడు మీద జారితే కొక్కెం కింది మేకు దాకా జారి అక్కడ ఆగుతుంది. మనిషి ప్రాణం దక్కినా బండకి కొట్టుకుంటాడు. ఆ కుదుపుని తగ్గించడానికి పట్టీల మధ్యలో చీర కుచ్చిళ్ళలా మడిచి కుట్టిన ఒక ముక్క ఉంటుంది. మనిషి పడితే ఆ కుట్లు ఒక్కొక్కటే తెగుతూ వేగాన్ని మింగేస్తాయి. ఆ సామాను 40 నుంచి 120 కిలోల మధ్య బరువున్నవాళ్ళకే. "నీ బరువెంతమ్మా?" అని అడిగింది. చెప్పాను. మీకు చెప్పను.

అన్నట్టు, తాళ్ళెక్కేవాళ్ళకి మన దగ్గర కూడా ఇప్పుడు ఇలాంటి కిట్లే వస్తున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2024లో 'కాటమయ్య రక్ష' పేరుతో గీత కార్మికులకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. గౌడ్ తాత ఉంటే ముందు పట్టీలు లాగి చూసి, తర్వాత ఒప్పుకునేవాడు.

ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి నాకు హోంవర్క్ మొదలైంది. రోజూ లిఫ్టు మానేసి నాలుగంతస్తులు, మొదట రెండుసార్లు, చివరికొచ్చేసరికి పదిసార్లు. ఆఖరి నెలలో వీపున ఐదు కిలోల సోనామసూరి సంచి. వాచ్‌మన్ భార్య "ఏందమ్మా, బియ్యం మళ్ళా కిందికి తీసుకపోతున్నవ్?" అని అడిగేది. తర్వాత దండెం పాఠం. బాల్కనీలో బట్టలారేసే తీగకి అక్కడక్కడా గుడ్డపీలికలు ముడివేసి వాటినే మేకులనుకోమంది. హార్డ్‌వేర్ షాపులో కొన్న రెండు కొక్కేలకి పాత చున్నీ కట్టి, ఆ తీగ వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా జరపాలి. ఒకటి తీయి, తగిలించు, రెండోది తీయి, తగిలించు. కళ్ళు మూసుకుని కూడా చేయాలి. వీడియో కాల్‌లో తను చూస్తుంటే నేను తడబడిన ప్రతిసారీ "అమ్మా, మళ్ళీ మొదటి నుంచి" అనేది. ఒకప్పుడు నేను దానికి ఎక్కాలు అప్పజెప్పించుకున్న గొంతే అది.

మేం వెళ్ళిన చోటు డోలమైట్స్. ఆల్ప్స్‌లో ఇటలీ వైపున్న కొండలవి. మ్యూనిక్ నుంచి కారులో ఆస్ట్రియా మీదుగా బ్రెన్నర్ కనుమ దాటి టోబ్లాక్ చేరాం. అదే ఊరి ఇటాలియన్ పేరు డొబ్బియాకో. అక్కడ ఊరికీ కొండకీ రెండేసి పేర్లుంటాయి, ఎందుకంటే మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆ ప్రాంతం ఆస్ట్రియాది. ఇనుప తాళ్ళు కొండలకి కట్టడం అంతకుముందే ఉంది. ఆస్ట్రియాలో డాక్‌స్టైన్ శిఖరం మీద 1843లోనే మేకులు, తాళ్ళు బిగించారు. కానీ డోలమైట్స్‌లో ఇన్ని ఇనుప దారులు ఉండటానికి పెద్ద కారణం యుద్ధమే. 1915లో ఇటలీ ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించాక సరిహద్దు సరిగ్గా ఈ శిఖరాల మీదుగా పడింది. సైనికులు తిండి, తుపాకులు పైకి చేర్చడానికి బండలకి నిచ్చెనలు, తాళ్ళు కట్టారు, కొండల లోపలే సొరంగాలు తవ్వారు. వాటిలో కొన్నిటిని తర్వాత బాగుచేసి కొండలెక్కేవాళ్ళకి వదిలారు.

మేం ఎక్కబోయే కొండ పేరు పాటెర్న్‌కోఫెల్, ఇటాలియన్‌లో మోంటే పాటెర్నో, 2744 మీటర్లు. ఆ దారి పేరు డె లూకా-ఇన్నర్‌కోఫ్లర్. సెప్ ఇన్నర్‌కోఫ్లర్ అక్కడి పేరున్న కొండ గైడు, ఆస్ట్రియా పక్షాన పోరాడాడు. మా వారు సంచులతో కూర్చున్న సత్రాన్ని యుద్ధానికి ముందు నడిపింది ఆయనే. 1915 జూలై 4న ఇటలీ సైనికుల చేతిలో ఉన్న ఈ శిఖరాన్ని పట్టుకోబోయి చనిపోయాడు. డె లూకా ఆ రోజు పైన ఉన్న ఇటలీ సైనికుడు. ఎదురెదురుగా నిలబడిన ఇద్దరి పేర్లూ కలిపి ఒకే దారికి పెట్టారు. ఎవరి ఆలోచనో గానీ, ఆ బోర్డు దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

పొద్దున్న బస్సులో ఆరోంజో సత్రం దాకా వెళ్ళాం. అక్కడికే 2320 మీటర్లు. అక్కడి నుంచి లవరెడో కనుమ మీదుగా లొకటెల్లి సత్రానికి నడక. దారంతా వెడల్పుగా ఉంటుంది, కుక్కలు, పసిపిల్లలు కూడా నడుస్తారు. కనుమ దాటగానే మూడు శిఖరాలు పక్కపక్కనే నిలబడి కనిపిస్తాయి, ట్రే చిమే అంటే అవే. మధ్యదాని ఎత్తు 2999 మీటర్లు. ఇంకొక్క మీటరు కోసం ఎవరూ బేరమాడలేదు కాబోలు.

సత్రం దగ్గర తయారయ్యేటప్పుడు అసలు తంతు మొదలైంది. గాజులు తీయమంది. ఉంగరం తీయమంది, కడ్డీకి చిక్కుకుంటే వేలికే ప్రమాదమట. పుస్తెలతాడు లోపలి చొక్కాలో దోపుకోమంది. చివరికి మెట్టెలు కూడా. "దిగేటప్పుడు వేళ్ళు బూటుకి గుద్దుకుంటాయమ్మా, మెట్టె ఉంటే వాచిపోతుంది." నేను మా వారి వంక చూశాను. ఆయన అరచెయ్యి చాపారు. గాజులు, ఉంగరం, మెట్టెలు లెక్కపెట్టి జేబురుమాల్లో మూటకట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "జాగ్రత్త" అన్నారు. నాకు చెప్పారో, మూటకి చెప్పుకున్నారో.

మా అమ్మాయి నా పట్టీలన్నీ ఒక్కొక్కటే లాగి చూసింది. తర్వాత తన పట్టీల్ని నన్ను లాగి చూడమంది. "నీవి నాకు తెలియవు కదే" అంటే, "తెలియకపోయినా చూడు. ఒకళ్ళని ఇంకొకళ్ళు చూడాలి, అదే రూలు" అంది. దాన్ని స్కూలు బస్సు ఎక్కించేటప్పుడు బెల్టు, బ్యాడ్జీ, టిఫిన్ డబ్బా చూసేదాన్ని. అప్పుడు నావి చూసేవాళ్ళు ఎవరూ లేరు.

మొదట సొరంగం. హెల్మెట్ మీద లైటు లేకపోతే చెయ్యి చాపినా కనిపించనంత చీకటి. ఎత్తైన మెట్లు, తడి, పైకప్పు తక్కువ. హెల్మెట్ బండకి టకటకా తగులుతూనే ఉంది. మధ్యమధ్య బండని తొలిచిన కిటికీలున్నాయి. తుపాకులు పెట్టడానికి చేసినవి. ఇప్పుడు వాటిలోంచి మూడు శిఖరాలూ ఫ్రేమ్ కట్టినట్టు కనిపిస్తాయి, అందరూ ఫోటోలు దిగుతారు. నేనూ దిగాను. దిగాక, ఆ కిటికీ దగ్గర చలికాలమంతా కాపలా కూర్చున్న పిల్లలు గుర్తొచ్చారు. చాలామంది ఇంటర్ చదివే మా చిన్నోడికంటే రెండు మూడేళ్ళు పెద్దవాళ్ళయి ఉంటారు.

సొరంగం దాటాక తాడు మొదలైంది. ఇక్కడి నుంచి గాంస్‌షార్టె అనే కనుమకి, అంటే 2650 మీటర్లకి, తర్వాత శిఖరానికి. ఇనుప దారుల్ని కష్టాన్నిబట్టి ఏ నుంచి ఎఫ్ దాకా లెక్కకడతారు. ఇది బి. అంటే తేలికల్లోనే జమ. ఆ మాట బండకి తెలుసేమో గానీ నా మోకాళ్ళకి తెలియదు.

కనుమ దాకా బాగానే వెళ్ళాను. చేతులకి దండెం పాఠం గుర్తుంది. ఒకటి తీయి, తగిలించు, రెండోది తీయి, తగిలించు. కనుమ దాటాక ఒక నిటారు గోడ వచ్చింది. సగం ఎక్కాక ఎడమ కాలికి ఆనడానికి చోటు దొరకలేదు. వెతుకుతున్నాను, దొరకదు. అంతలో కుడికాలు తనంతట తానే వణకడం మొదలుపెట్టింది. మెల్లగా కాదు, మా పాత ఉషా మిషన్‌లా టకటకటక. కొండలెక్కేవాళ్ళు దీన్ని కుట్టుమిషన్ కాలు అనే పిలుస్తారని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకు తెలిసింది ఒక్కటే, నేను పైకీ వెళ్ళలేను, కిందికీ రాలేను.

"చెయ్యి ఇవ్వవే" అన్నాను.

మా అమ్మాయి రెండు మేకుల అవతల ఉంది. అక్కడి నుంచి కదల్లేదు. రెండు మేకుల మధ్య ఒకరే ఉండాలట, ఒకరు జారితే ఇంకొకరి మీద పడకుండా. "చెయ్యి ఇవ్వనమ్మా. ఇస్తే ఇద్దరం తూలుతాం. నీ కొక్కేలు రెండూ తగిలించి ఉన్నాయా? చూసి చెప్పు" అంది.

చూశాను. ఉన్నాయి.

"మడమ కిందికి దించు. ముని కాళ్ళ మీద నిలబడితేనే వణుకు. ఊపిరి వదులు. ఇప్పుడు నీ ఎడమ మోకాలి దగ్గర పసుపు రంగు మరక చూడు. దాని కింద అంగుళం గట్టు ఉంది. అక్కడ పెట్టు."

గొంతులో కంగారు లేదు, విసుగు లేదు. నేను దాన్ని ఇరవై మూడేళ్ళుగా ఎరుగుదును. పాలు ఒలికినా అరిచే పిల్ల. ఈ గొంతు నేనెప్పుడూ వినలేదు. పసుపు మరక కనిపించింది. కాలు పెట్టాను. ఎక్కాను. కింద నిలబడి ఓపిగ్గా ఎదురుచూసిన ముసలి ఇటాలియన్ జంట "బ్రావా, సిన్యోరా" అన్నారు. మెచ్చుకోలని అర్థం కావడానికి భాష అక్కర్లేదు.

గోడ పైన కాస్త చదునుగా ఉంది. శిఖరం మీది శిలువ కనిపిస్తోంది. ఇంకో ఇరవై నిమిషాలంది. నాకు అప్పటికే పైన నిలబడి దిగబోయే ఫోటో కళ్ళముందుంది. సత్రం దగ్గర "నువ్వా?" అన్న మనిషికి చూపించాల్సిన ఫోటో మరి.

మా అమ్మాయి మాత్రం శిఖరం వైపు చూడటం లేదు. పడమటి దిక్కు చూస్తోంది. అక్కడ ఒక తెల్లమబ్బు కాలీఫ్లవర్ పువ్వులా పైపైకి ఉబ్బుతోంది, అడుగు మాత్రం బూడిదరంగు. వాచీ చూసుకుంది. మళ్ళీ మబ్బుని చూసింది.

"అమ్మా, దిగిపోదాం" అంది.

"ఇరవై నిమిషాలేగా?"

"ఎక్కడానికి ఇరవై. దిగడానికి నువ్వు ఇంకో నలభై తీసుకుంటావు. పిడుగు పడితే ఈ తాడు మొత్తం కరెంటు తీగే. మనం దానికే కొక్కేలు తగిలించుకుని ఉంటాం." కాస్సేపాగి, "నాకూ వెళ్ళాలనే ఉందమ్మా" అంది.

మాతో పాటున్న ఇద్దరు కుర్రాళ్ళు మబ్బు వైపొకసారి చూసి పైకే వెళ్ళారు. అది వాళ్ళని చూసింది, ఏమీ అనలేదు. నన్ను ముందు దిగమని, తను పైన ఉండి ప్రతి మేకు దగ్గరా "మొదటిది... రెండోది..." అంటూ దింపింది. దిగడం ఎక్కడం కంటే కష్టం, కాలు పెట్టే చోటు కనిపించదు. పసుపు మరక దగ్గర ఈసారి నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పిడుగు పడలేదు. సొరంగంలో ఉండగా నాలుగు చినుకులు రాలాయి. మేం సత్రానికి చేరేసరికి ఎండ మళ్ళీ వచ్చేసింది. అరగంట తర్వాత ఆ కుర్రాళ్ళు కూడా క్షేమంగా దిగి, శిఖరం మీది ఫోటోలు చూసుకుంటూ మా పక్క బల్ల దగ్గరే కూర్చున్నారు.

మా వారు మూట విప్పి గాజులు, మెట్టెలు లెక్కపెట్టి ఇచ్చారు. "అరె, పది నిమిషాలు ఆగినా అయిపోయేది కదా" అన్నారు. ఎత్తంటే భయపడే మనిషికి కూడా కూతురు శిఖరం ముట్టలేదంటే దిగులే!

నేను టీ తాగుతూ ఆలోచిస్తున్నాను. ఈ పిల్ల ఎక్కగలదా లేదా అన్న సందేహం నాకు ఎప్పుడూ లేదు. చిన్నప్పుడే బీరువా ఎక్కి అటక మీది అరిసెల డబ్బా దించిన పిల్ల. నాకు తెలియనిది ఒక్కటే. పక్కవాళ్ళు వెళ్తున్నా, అమ్మ ముందు గొప్ప చూపించుకునే అవకాశం ఉన్నా, గమ్యం ఎదురుగా కనిపిస్తున్నా, వద్దు అనుకుంటే వెనక్కి తిరగగలదా? ఇంటి నుంచి ఎనిమిది గంటల విమాన ప్రయాణం దూరంలో ఉన్న ఆడపిల్ల గురించి తల్లికి ఉండే భయమంతా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది. కొండ అనే కాదు. స్నేహాలు, ఉద్యోగం, రేపు కాబోయే పెళ్ళి, అన్నిటికీ ఇదే. ఆ మబ్బు తేలిపోయినా నాకు కావల్సిన జవాబు దొరికింది. నిజానికి తేలిపోయింది కాబట్టే గట్టిగా దొరికింది. కుర్రాళ్ళ ఫోటోలు చూసి అది "అబ్బ, మంచి వెలుతురు పడింది వాళ్ళకి" అని, తన ఆపిల్ పై తినడంలో పడిపోయింది.

ఆ రాత్రి గదిలో మా వారు అడిగారు, "మరి ఏం చెప్దాం?"

"నేను వద్దని చెప్పను. చెప్పాలనుకుంటే మీరు చెప్పండి. కాకపోతే పక్కన నేను ఉండను" అన్నాను. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో పిల్లల విషయంలో మా మాట వేరుపడటం ఇదే మొదటిసారి. ఆయన చాలాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. నేను మంచంలో పడుకుని కాళ్ళకి నూనె రాసుకున్నాను.

మర్నాడు కారులో ఆయన ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. బ్రెన్నర్ దాటాక ఉన్నట్టుండి కూతుర్ని అడిగారు, "అది సరే గానీ, ఆ మబ్బు అట్లాంటిదని ఎట్లా గుర్తుపట్టావ్?"

అది మ్యూనిక్ దాకా చెప్తూనే ఉంది. పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం లోపు దిగిపోవాలని, ఎండాకాలంలో ఆ కొండల్లో మధ్యాహ్నాలే ఉరుములొస్తాయని, ముందురోజు రాత్రి ఏ సూచనలు చూడాలని. ఆయన మధ్యమధ్య ప్రశ్నలడిగారు. వద్దన్న మాట మాత్రం ఆ రోజు రాలేదు, ఇప్పటిదాకా రాలేదు.

నేను మాత్రం నా షరతులు పెట్టాను. ఒంటరిగా వెళ్ళకూడదు. ఏ దారి, ఏ సత్రం, ఎన్నింటికి దిగుతావు అన్నది ముందే పంపాలి. దిగిన వెంటనే మెసేజ్. మూడిటికీ ఒప్పుకుంది. అన్నీ తను ఎలాగూ పాటించేవేనట. ఎవరికి పంపుతుందని అడిగితే, తన రూమ్మేట్‌కి అంది. ఇప్పుడు ఆ జాబితాలో నా పేరు కూడా చేరింది.

మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి వెళ్ళి ఈ సరదా తీర్చుకోవాలనుకుంటే నాకు తెలిసిన నాలుగు ముక్కలు. డోలమైట్స్‌లో ఎత్తైన దారులకి జూన్ చివర నుంచి సెప్టెంబర్ దాకా అనువైన కాలం. హెల్మెట్, హార్నెస్, కొక్కేల సెట్టు అద్దెకి దొరుకుతాయి, కొనక్కర్లేదు. చేతికి గ్లోవ్స్ తప్పనిసరి, ఉక్కు తాడు పోగులు గుచ్చుకుంటాయి. తెలిసినవాళ్ళు తోడు లేకపోతే గైడుని పెట్టుకోండి. మొదటిసారి ఏ లేదా బి దారే ఎంచుకోండి. యూరప్‌లో అత్యవసర నంబరు 112. ఇక వయసంటారా, 1901లో మార్మొలాడా కొండ దక్షిణపు గోడని ఇద్దరు గైడులతో మొదటిసారి ఎక్కిన బియాట్రిస్ టొమాసన్‌కి అప్పుడు 42 ఏళ్ళు. పిల్లలకి పాఠాలు చెప్పుకుని బతికిన ఇంగ్లీషావిడ. అంత దూరం వెళ్ళలేకపోతే మన భువనగిరి బండే ఉంది. 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకుంది ఆ బండ మీదే.

శనివారం సాయంత్రాలు ఇప్పటికీ భయమే. పోలేదు, పోతుందని కూడా అనుకోను. ఇదివరకు ఆ భయానికి రూపం లేదు, చీకటి గదిలాంటిది. ఇప్పుడు లోపల ఏముందో తెలుసు. ఈపాటికి సొరంగం దాటి ఉంటుంది, ఈపాటికి కొక్కేలు మారుస్తూ ఉంటుంది, మబ్బు చూసుకుంటూ ఉంటుంది అనుకుంటాను. వార్తల గొంతు తగ్గించి మా వారు "అక్కడ వాన సూచన ఉందా?" అని అడుగుతారు. ఆయన ఫోన్లో ఇప్పుడు హైదరాబాద్ వాతావరణం పక్కనే ఇన్స్‌బ్రుక్ వాతావరణం కూడా ఉంటుంది. ఏడున్నరకో ఎనిమిదికో నా ఫోన్ మోగుతుంది. ఫోటో ఉండదు, బొమ్మలుండవు. "దిగాను అమ్మా" అని ఉంటుంది. నేను లేచి కుక్కర్ పెడతాను.